రంగులు ఎప్పుడు వచ్చాయి: హంగరీ జానపద మ్యూజియంలను చదవడం

1872లో హంగరీలో రెండు పనులు జరిగాయి. ఆ ఏడాది వచ్చిన పరిశ్రమల చట్టం చేతివృత్తుల శ్రేణులను రద్దు చేసింది. ఏ పట్టణంలో ఎవరు కుండలు చేయాలి, పనివాడు ఎన్నేళ్లు ఊరూరా తిరిగి నేర్చుకోవాలి, ఎవరి సరుకు ఏ సంతలో అమ్మాలి అని శతాబ్దాలుగా శాసిస్తూ వచ్చిన సంఘాలవి. అదే ఏడాది మార్చి 5న పెష్త్‌లోని జాతీయ మ్యూజియంలో జానపద విభాగం మొదలైంది. (బుడా, పెష్త్ కలిసి బుడాపెస్ట్ అయింది ఆ మరుసటి ఏడాదే.) దాని బాధ్యత యానోష్ క్సాంతుష్ అనే యాత్రికుడికి అప్పగించారు. పాత పని పద్ధతికి చట్టం తెర దించిన ఏడాదే ఆ పద్ధతిలో తయారైన వస్తువులను దాచే గది తెరుచుకుంది.

క్సాంతుష్ అప్పటికే సయాం, జావా, బోర్నియోల నుంచి బోలెడు వస్తువులు తెచ్చి ఉన్నాడు. విభాగంలో తొలినాళ్లలో చేరిన సరుకులో వాటిదే పెద్ద వాటా. సొంత దేశపు పల్లెల వస్తువులను 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన కోసం, 'ఇంటి పరిశ్రమ' నమూనాలుగా సేకరించారు. ఏ నేత, ఏ కుండ, ఏ చెక్కపని బజారులో నిలబడగలదో చూపించడానికి ఏరినవి అవి.

ఈ పుట్టుక సంగతి గుర్తుంటే హంగరీలోని జానపద మ్యూజియంలు ఒక్కసారిగా వేరేగా కనిపిస్తాయి. పర్యాటకుల కరపత్రాలు వాటిని 'వేల ఏళ్ల సంప్రదాయం' అని పరిచయం చేస్తాయి. అసలు గదుల్లోకి వెళ్లి లేబుళ్లు చదివితే ఎక్కువ వస్తువుల మీద ఉండే కాలం 19వ శతాబ్దం రెండో సగం, 20వ శతాబ్దం మొదటి మూడు దశాబ్దాలు. రైలు వచ్చిన కాలం, మిల్లు నూలు వచ్చిన కాలం, రసాయన రంగులు వచ్చిన కాలం. గోడ మీద మెరిసే ఎరుపు, పసుపు, గులాబీ పువ్వుల్లో చాలా భాగం ఆ రైలు పెట్టెల్లో దిగినవే. కాబట్టి ఏ గదిలోకి వెళ్లినా ముందు అడగాల్సిన ప్రశ్న: ఇది ఏ ఏడాది నాటి గది?

బుడాపెస్ట్‌తో మొదలుపెడితే

జానపద మ్యూజియం, హంగేరియన్‌లో 'నేప్రయ్‌జి మూజెయుమ్', 1947లో జాతీయ మ్యూజియం నుంచి విడిపోయి స్వతంత్రమైంది. 1973 నుంచి 2017 దాకా పార్లమెంటుకు ఎదురుగా ఉన్న పాత న్యాయస్థాన భవనంలో ఉంది. పాలరాతి మెట్లు, ఎత్తైన పైకప్పులు. వస్తువులకు మాత్రం సరైన నిల్వ గదులు లేవు. 2022 మేలో వారోష్‌లిగెత్ పార్కు అంచున కొత్త భవనం తెరిచారు. వాస్తుశిల్పి మార్సెల్ ఫెరెంత్స్. రెండు చివరలా పైకి లేచిన విల్లులా ఉంటుంది, కప్పు మీద పచ్చిక. జనం ఎక్కి నడుస్తారు, కూర్చుంటారు. భవనంలో సుమారు 60 శాతం నేల లోపలే ఉంది. బయటి గాజు గోడ చుట్టూ లోహపు జాలీ కట్టి, దాదాపు 5 లక్షల చిన్న చదరాలతో హంగరీ, ఇతర ఖండాల వస్తువుల మీది నమూనాలను అందులో అల్లారు. దూరం నుంచి బూడిద రంగు తెరలా కనిపిస్తుంది. రెండు మూడు అడుగుల దగ్గరికి వెళ్తేనే అది కుట్టుపని నమూనా అని తెలుస్తుంది.

ఈ చోటు ఎంపికలో ఒక అర్థం ఉంది. 1896లో, హంగేరియన్లు ఈ నేలకు వచ్చి వెయ్యేళ్లయిన సందర్భంగా జరిపిన ప్రదర్శనలో, ఇదే పార్కులో జానపద పరిశోధకుడు యానోష్ యంకో ఒక పల్లెటూరు కట్టించాడు. మొత్తం 24 ఇళ్లు: 12 హంగేరియన్లవి, 12 దేశంలోని ఇతర జాతులవి. ప్రదర్శన అయ్యాక ఇళ్లు తీసేశారు, సామాన్లు మ్యూజియంకు చేరాయి. ఇప్పుడు చూసే వస్తువుల్లో కొన్ని ఆ 'ఊరి' గుండా వచ్చినవే.

సేకరణలో సుమారు రెండున్నర లక్షల వస్తువులున్నాయి. తక్కువ సమయం ఉన్నవాళ్లు కుండల విభాగానికి వెళ్లడం మేలు. సుమారు 4,000 మట్టిపాత్రలు పొడవాటి గాజు బీరువాల్లో వరసగా ఉంటాయి. ఒక్క పాత్రను చూస్తే అందం తెలుస్తుంది. ఒకే ఊరి ఇరవై పాత్రలు పక్కపక్కన చూస్తే కుమ్మరి చేతి అలవాటు తెలుస్తుంది. పువ్వు రేకుకు మొదట గీసిన గీత ఎటు తిరిగింది, పూత ఎక్కడ జారింది, చెవి అతికించిన చోట వేలి ముద్ర ఎలా ఉంది అన్నవి వరసలోనే బయటపడతాయి. మనిషి ఆకారంలో, తల మీద సైనికుడి టోపీతో, ఛాతీ మీద తరచుగా పాముతో ఉండే 'మిష్కా' ద్రాక్షసారా కూజాలు తీసా నది ఒడ్డు కుమ్మరి పట్టణాలవి. వాటి ముందు కాసేపు ఆగాలి.

ఈ మ్యూజియంలో కంటికి కనిపించని సంపద ఒకటుంది. జానపద పాటల సేకర్త బేలా వికార్ 1896 నుంచే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మోసుకుని పల్లెలు తిరిగి మైనపు గొట్టాల మీద పాటలు ముద్రించాడు. ఆ తర్వాత స్వరకర్తలు బేలా బార్తోక్, జోల్తాన్ కొదాయ్ అదే దారి పట్టారు. ఆ గొట్టాలు ఇక్కడే భద్రంగా ఉన్నాయి. మైనం మెత్తన, సూది నడిచిన ప్రతిసారీ గాడి కొంత అరిగిపోతుంది. మళ్లీ మళ్లీ విని స్వరాలు రాసుకున్న పాటలే ఎక్కువ పాడయ్యాయి. పరిశోధకుడికి ఎక్కువ నచ్చిన పాట మనకు తక్కువ వినిపిస్తుంది.

సెంతెంద్రె: ఇళ్లను తరలించిన చోటు

రాజధానికి ఉత్తరంగా సెంతెంద్రె పక్కన ఉన్న ఆరుబయటి మ్యూజియాన్ని అందరూ 'స్కాన్జెన్' అనే పిలుస్తారు. 1891లో స్టాక్‌హోమ్‌లో మొదలైన స్కాన్సెన్ పేరే ఇలాంటి చోట్లన్నిటికీ వాడుక పేరైంది. సెంతెంద్రెది 1967లో స్థాపించినది, మొదటి భాగం 1974లో తెరిచారు. 60 హెక్టార్లకు పైగా, అంటే సుమారు 150 ఎకరాల స్థలం. ఎనిమిది ప్రాంతాల పల్లెలు, పట్టణ వీధులు, వాటికి తోడు ఇటీవలి ట్రాన్సిల్వేనియా భాగం. లోపల 2.2 కిలోమీటర్ల రైలు మార్గం మీద పాత డీజిల్ రైలుపెట్టె నడుస్తుంది. ఒక్క రోజులో అన్నీ చూడాలనుకోవడం తప్పు. మూడు భాగాలు ఎంచుకుంటే రోజు సరిపోతుంది.

బుడాపెస్ట్ బత్యాని తేర్ నుంచి 'హేవ్' అనే శివారు రైలులో సుమారు 40 నిమిషాలు, అక్కడి నుంచి బస్సు. బుడాపెస్ట్ నగర టికెట్ బేకాష్‌మెద్యెర్ స్టేషన్ దాకానే పనికొస్తుంది. ఆ పైన నగర సరిహద్దు దాటుతుంది కాబట్టి అదనపు టికెట్ కొనాలి. చాలామంది జరిమానా కట్టేది ఇక్కడే. మ్యూజియం సోమవారం మూత. చలికాలంలో మామూలు సందర్శన ఆగిపోతుంది, పండగ రోజులకు మాత్రమే తెరుస్తారు. హంగరీలో మ్యూజియంలు దాదాపు అన్నీ సోమవారం మూసే ఉంటాయి. పల్లెల్లోని చిన్నవి నవంబరు నుంచి మార్చి దాకా తలుపు తీయకపోవచ్చు.

అసలు విషయం ఇళ్ల గురించి. ఒక ఇంటిని తరలించడం అంటే ముందు కొలతలు తీసి పటాలు గీయడం, ప్రతి దూలానికీ ప్రతి వాసానికీ నెంబరు వేయడం, విప్పడం, పురుగు పట్టకుండా కర్రకు మందు పెట్టడం, కొత్త చోట మళ్లీ కూర్చడం. కర్ర దుంగలతో కట్టిన ఇల్లయితే ఇది సాధ్యం. మట్టి గోడను మాత్రం మోయలేం. హంగరీ మైదానంలో ఇళ్లు పచ్చి ఇటుకలతోనో, పలకల మధ్య మట్టి పోసి దిమ్మిసతో కొట్టిన గోడలతోనో కట్టినవి. అలాంటి ఇల్లు స్కాన్జెన్‌కు వచ్చిందంటే వచ్చింది దూలాలు, తలుపులు, కిటికీలు, కొన్నిసార్లు పొయ్యి కొలతలు మాత్రమే. గోడ కొత్త మట్టితో పాత పద్ధతిలో లేపినది. రెల్లుకప్పు ఎలాగూ కొన్ని దశాబ్దాలకు ఒకసారి మార్చాల్సిందే. అందుకే ఇంట్లోకి వెళ్లగానే తల ఎత్తి నడి దూలం చూడాలి. దాని మీద చాలాచోట్ల ఇల్లు కట్టించినవాడి పేరు, కట్టిన సంవత్సరం చెక్కి ఉంటాయి. ఇంటి మొత్తంలో నమ్మదగిన సాక్షి తరచుగా ఆ కర్రే.

ఎగువ తీసా ప్రాంతం ఈ మ్యూజియంలో అన్నిటికంటే పాత భాగం, బహుశా అన్నిటికంటే బాగా కుదిరిన భాగం కూడా. నెమెష్‌బోర్జోవా నుంచి తెచ్చిన కొయ్య గంటగోపురం 1667 నాటిది. పక్కనే మాండ్ ఊరి సంస్కరణవాద క్రైస్తవుల చర్చి. ఇంకొంచెం ముందుకెళ్తే వామోషొరోసి నుంచి తెచ్చిన గుర్రపు తిరగలి ఉంది. గొడుగులాంటి పెద్ద కప్పు కింద గుర్రాలు గుండ్రంగా తిరుగుతుంటే పళ్ల చక్రం తిరిగి పిండి పడేది. మైదానంలో నదులు నెమ్మదిగా పారతాయి, వాగుకు వేగం ఉండదు. నీటి తిరగలికి కావాల్సిన జారుడు దొరకదు. కాబట్టి గుర్రం.

గది లోపల: మూలలు లెక్కపెట్టడం

మామూలు రైతు ఇల్లు వరసగా మూడు గదులు. వీధి వైపు గది, నడుమ వంటిల్లు, వెనక సామాన్ల కొట్టు. వసారా పొడవునా పక్కగా ఉంటుంది. వీధి గదిలో పెద్ద మట్టి పొయ్యి ఉంటుంది కానీ దాని నోరు వంటింట్లో ఉంటుంది. కట్టెలు అక్కడి నుంచి తోస్తారు, పొగ అక్కడే పోతుంది, గదిలోకి వచ్చేది వెచ్చదనం మాత్రమే. ఈ చిన్న ఏర్పాటు వల్లే ముందు గది తెల్లగా సున్నం వేసుకుని 'శుభ్రమైన గది' కాగలిగింది. దానికి ముందటి ఇళ్లలో పొగంతా లోపలే తిరిగేది. ఆ పొగ కళ్లను మండించినా రెల్లుకప్పును పురుగు నుంచి కాపాడేది. మ్యూజియం ఇంట్లో రోజూ పొయ్యి వెలగదు. అందుకే తరలించిన ఇళ్లలో తేమ, బూజు, పురుగు సమస్య మనుషులున్న ఇళ్లకంటే ఎక్కువ. కొన్ని ఇళ్లలో సిబ్బంది పొయ్యి వెలిగించి రొట్టె కాల్చడం సందర్శకుల కోసమే అనిపిస్తుంది. ఇంటికీ అది మందే.

సామాన్ల అమరికలో కాలం కనిపిస్తుంది. పాత పద్ధతిలో గది ఒక మూలన పొయ్యి, దానికి ఎదురు మూలన బల్ల, రెండు గోడల వెంట మూలకు కలిసే బెంచీలు. ఆ మూల ఇంటి గౌరవస్థానం. కాథలిక్ ఇంట్లో అక్కడ దేవుడి పటాలు, ప్రొటెస్టంట్ ఇంట్లో అద్దం, పూల పళ్లేలు. కొత్త పద్ధతిలో బల్ల గది మధ్యకు వస్తుంది, రెండు మంచాలు రెండు గోడల వెంట ఎదురెదురుగా నిలబడతాయి, రెండు కిటికీల మధ్య సొరుగుల బీరువా, దాని పైన అద్దం. ఇది పట్టణపు బైఠక్ గది చూసి నేర్చుకున్న అమరిక. మంచం మీద పైకప్పు దాకా దిండ్లు పేర్చి ఉంటే ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదని అర్థం. పెళ్లికూతురు తెచ్చిన సారె అది. దిండు చివర కుట్టుపని ఉన్న వైపు బయటికి కనిపించేలా పేరుస్తారు. కుటుంబం మామూలుగా పడుకున్నది వెనక గదుల్లో, కొట్టులో, పశువుల పాకలో.

పెట్టెలు కూడా అంతే. చీల్చిన బీచ్ చెక్క పలకలను గాడిలో దిగవేసి, ఇనుప మేకు లేకుండా చేసిన ఇంటి కప్పులాంటి మూత ఉన్న పెట్టె పాతది. పూలు వేసిన రంగుల 'తులిపాన్' పెట్టె తర్వాతిది. అది కొమారోమ్, ఎగెర్ లాంటి పట్టణ వడ్రంగుల దగ్గర సంతలో కొన్నది. ఇంట్లో 'జానపద' వస్తువుల్లో సగం ఇలా కొన్నవే. దాన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు. ఏ పూవు కొనాలో ఎంచుకున్నది మాత్రం ఆ ఇంటివాళ్లే.

కింద చూస్తే మట్టి నేల. బంకమట్టి, పేడ కలిపి అలికేవారు, ముఖ్యంగా శనివారం. ఆ పైన గొట్టమున్న పాత్రతో నీళ్లు చల్లి, నేలంతా ఎనిమిది అంకె ఆకారంలో గీతలు పడేలా తిప్పేవారు. దుమ్ము అణగడానికి చేసిన పని, చూపుకు ముగ్గు. తెలుగువాళ్లకు ఈ భాగం ఎవరూ వివరించాల్సిన అవసరం రాదు.

నీలి గుడ్డ, రంగు దారం

జానపద అద్దకం ఎలా జరిగేదో పని దశల వారీగా చూడాలంటే పాపా పట్టణంలోని 'కేక్‌ఫెష్తో' (నీలి అద్దకం) మ్యూజియంకు మించిన చోటు లేదు. క్లూగె కుటుంబపు అద్దకశాల అది. 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మధ్య దాకా పనిచేసి, 1962లో పనిముట్లతో సహా మ్యూజియం అయింది. ఇక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. తెల్లమట్టి, తుమ్మ జిగురు, మైలుతుత్తం కలిపిన ముద్దను కొయ్య అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. అచ్చుల్లో సన్నని గీతలు, చుక్కల కోసం ఇత్తడి రేకులు, మేకులు దిగగొట్టి ఉంటాయి. ముద్ర పూర్తిగా ఆరాక, కొక్కేలున్న గుండ్రటి ఇనుప చట్రానికి గుడ్డను మడత మడతకూ తగలకుండా తగిలించి, నేలలోకి దించిన లోతైన నీలిమందు తొట్టిలో ముంచుతారు. తొట్టిలో అన్నభేది, సున్నం కలిపి నీలిమందును కరిగిస్తారు. గుడ్డ పసుపుపచ్చగా పైకి వచ్చి, గాలి తగిలిన కొద్దీ కళ్లముందే ఆకుపచ్చ మీదుగా నీలంగా మారుతుంది. మళ్లీ ముంచడం, మళ్లీ ఆరనివ్వడం. చివర పలచటి గంధకామ్లంలో కడిగితే ముద్ద ఊడి తెల్ల పువ్వులు బయటపడతాయి. గంజి పెట్టి, బరువైన యంత్రం కింద నలిపితే మెరుపు.

పని ఎక్కడ చెడుతుందంటే, ముద్ర పచ్చిగా ఉండగా ముంచితే అంచులు కరిగి పువ్వు మసకబారుతుంది. ఒకేసారి ఎక్కువసేపు ఉంచితే ముద్ద మెత్తబడి రంగు లోపలికి దిగుతుంది. అందుకే చిన్న మునకలు ఎక్కువ. తొట్టి అడుగున పేరుకున్న మడ్డి కదిలితే మచ్చలు. మైలుతుత్తం పని గుడ్డకు అడ్డంగా నిలబడటం ఒక్కటే కాదు: నీలిమందు దారాన్ని చేరకముందే దాన్ని పైనే గట్టిపరిచి నిలిపేస్తుంది.

ఈ చోట మచిలీపట్నం గుర్తుకు రాకుండా ఉండదు, ఆ గుర్తు ఊహ కూడా కాదు. 17వ శతాబ్దం నుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడలు కోరమండల్ తీరం నుంచి అద్దకపు గుడ్డలను ఐరోపాకు చేర్చాయి. వాటిని చూసే అక్కడ నూలు గుడ్డ మీద అచ్చువేసే పని పెరిగింది. నీలిమందు కూడా భారతదేశం నుంచే వెళ్లేది. మన దగ్గర నీలం పడకూడని చోట మైనం పూసేవారు, ఎరుపుకు చిరివేరు, కరక్కాయ వాడేవారు; అక్కడ మైనం బదులు మట్టి, మైలుతుత్తం. 2018లో యునెస్కో ఈ నీలి అద్దకాన్ని హంగరీ, ఆస్ట్రియా, జర్మనీ, చెక్, స్లొవేకియా దేశాల ఉమ్మడి వారసత్వంగా చేర్చింది.

మెజోకొవెష్ద్‌లోని మాత్యో కుట్టుపని 2012లో అదే జాబితాకు ఎక్కింది. మాత్యో మ్యూజియంలో ఒకే కుటుంబానికి చెందినట్టు కనిపించే దుప్పట్లు, పైటలు వరసగా చూస్తే మార్పు వేగం అర్థమవుతుంది. పాతవి ఎరుపు, నీలం రెండు రంగులు, ఖాళీ నేల ఎక్కువ. రసాయన రంగుల దారం దొరికాక నల్ల గుడ్డ మీద గులాబీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిండిపోయాయి. నమూనా గీసేది అందరూ కాదు, 'రాసే ఆడవాళ్లు' అనే కొందరు. వారిలో బోరి కిష్‌యంకో ఇల్లు ఇప్పుడు స్మారక గృహం. కూలి పనికి ఊళ్లు తిరిగిన నిరుపేద జనం బట్టలకు ఎంత పెట్టారో 'కడుపు కరకరలాడినా సరే, మెరవాలి' అన్న వాళ్ల మాట చెబుతుంది. ఖర్చు భరించలేక 1920ల్లో చర్చి చొరవతో మెరుపు జరీ, తళుకులను బహిరంగంగా కాల్చేశారు. అందుకే ఆ తర్వాతి బట్టల్లో తళుకు తగ్గి దారం పని పెరిగింది. కలోచా పట్టణపు కుట్టుపని కథ కూడా ఇలాంటిదే: తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో, చిల్లులతో మొదలై, ఎరుపు, నీలం, నలుపు మీదుగా ఇరవయ్యో శతాబ్దంలోనే ఇప్పుడు అందరికీ తెలిసిన రంగుల పూలకు చేరింది.

గుడ్డలున్న గదులు చీకటిగా ఉంటాయని కొందరు విసుక్కుంటారు. వస్త్రాలకు మ్యూజియంలు పాటించే వెలుతురు హద్దు సుమారు 50 లక్స్. తొలినాటి రసాయన రంగులు వెలుగుకు తేలిగ్గా వెలిసిపోతాయి, నీలిమందు గట్టిది. గుడ్డ మడత లోపలి భాగమో వెనక వైపో కనిపించేలా పెట్టి ఉంటే అక్కడ చూడాలి. అసలు రంగు అక్కడే మిగిలి ఉంటుంది, ముందువైపు మనం చూసే 'మృదువైన పాత రంగు' ఎండకు పోయిన రంగు.

కదలని ఇళ్లు

తరలించకుండా ఉన్న చోటనే మ్యూజియంగా నిలిపిన ఇంటిని 'తాయ్‌హాజ్' అంటారు. దేశమంతటా ఇవి వందల్లో ఉన్నాయి, ఎక్కువ భాగం పంచాయతీల చేతిలో. స్కాన్జెన్‌లో లేని ఒక గొప్ప వీటిలో ఉంది: గోడ అసలుదే, పక్కింటి కోడి కూత అసలుదే, చర్చి ఎంత దూరమో కాళ్లకు తెలుస్తుంది. పడమటి సరిహద్దు దగ్గర సలఫో ఊరి పిత్యెర్‌సెర్‌లో దుంగల ఇళ్లు, ఇంటి గదులే చుట్టుకున్న ముంగిలి అలాగే ఉన్నాయి. జలఎగెర్‌సెగ్‌లోని గొచెయ్ పల్లె మ్యూజియం 1968లో తెరిచింది, దేశంలో ఇలాంటివాటిలో మొదటిది. ఇళ్లన్నీ తరలించినవే అయినా వాటిని ముందే అక్కడ ఉన్న నీటి తిరగలి చుట్టూ కూర్చారు.

చిన్న తాయ్‌హాజ్‌లకు తగిలే దెబ్బ సిమెంటు. పచ్చి ఇటుక గోడ కింది భాగం వాన చిమ్మి, నేల తేమ పీల్చి పెచ్చులూడుతుంది. మంచి ఉద్దేశంతోనే ఎవరో సిమెంటు పూస్తారు. ఆ పొర కింద తేమ బయటికి పోయే దారి లేక గోడలో పైపైకి ఎక్కుతుంది, ఉప్పు తేలుతుంది, కొన్నేళ్లలో పూతతో పాటు గోడ ముఖం కూడా ఊడి వస్తుంది. మట్టి పూత, సున్నం వెల్ల ఏటా వేయడం ఒక్కటే దారి. అది చేసే చేయి ఊళ్లో ఉన్నంతకాలమే ఆ ఇల్లు నిలుస్తుంది. గోడ అడుగున బూడిద రంగు పట్టీ కనిపిస్తే ఆ ఇంటి కష్టం అర్థమవుతుంది.

సందర్శకుడికి ఎదురయ్యే చిక్కు వేరు. తలుపుకు తాళం, తలుపు మీద ఫోన్ నెంబరు. తాళంచెవి పక్కింటివారి దగ్గరో పంచాయతీ ఆఫీసులోనో ఉంటుంది. ముందురోజే ఫోన్ చేయాలి. చిల్లర ఫోరింట్లు దగ్గర ఉంచుకోవాలి, కార్డు తీసుకునే యంత్రం ఉంటుందని అనుకోకూడదు. ఆదివారం పల్లె బస్సులు బాగా తగ్గిపోతాయి.

హోల్లోకో సంగతి ప్రత్యేకం. ఉత్తర హంగరీలోని పలోత్స్ అనే జనవర్గపు ఊరు, 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వం. మధ్యయుగపు ఊరు చూస్తున్నామని అనుకుంటారు. వీధుల తీరు పాతదే, ఇళ్లు మాత్రం 1909లో ఊరు కాలిపోయాక తిరిగి కట్టినవి. రాతి పునాది గది, దాని మీద తెల్ల గోడ, కొయ్య స్తంభాల వసారా. పాత తీరునే కట్టుకున్నారు కాబట్టే అది విలువైనది. కాల్చిన పెంకుల కప్పు మాత్రం గడ్డికప్పు అంటుకున్న అనుభవంతో వచ్చింది.

ఊరి చరిత్ర గదులు

పట్టణ మ్యూజియంలో 'హెయ్‌తొర్తేనెత్', అంటే స్థానిక చరిత్ర, దాదాపు ఒకే వరసలో నడుస్తుంది: తవ్వకాల్లో దొరికినవి, తుర్కుల కాలం, శ్రేణుల పెట్టెలు, 1848 తిరుగుబాటు, మొదటి యుద్ధం. శ్రేణి సభకు పిలుపు పంపడానికి ఇంటింటికీ తిప్పే చిన్న లోహపు పలక ఎక్కడ కనిపించినా వదలకూడదు. భూమి లెక్కలు చదవడానికి ఒక కొలత తెలిస్తే చాలు: ఒక 'కతస్తరి హోల్ద్' 5,755 చదరపు మీటర్లు, అంటే సుమారు 1.42 ఎకరాలు. 'ఒల్' అనే పొడవు కొలత సుమారు 1.9 మీటర్లు, మన బార లాంటిదే, రెండు చేతులు చాచినంత. 1870ల్లో మెట్రిక్ పద్ధతి వచ్చే ముందు నాటి పత్రాలన్నీ ఈ లెక్కల్లోనే ఉంటాయి.

సెగెద్‌లో 1879 మార్చి వరద నగరాన్ని దాదాపు తుడిచేసింది. మళ్లీ కట్టినప్పుడు వలయ రహదారికి సాయం చేసిన నగరాల పేర్లు పెట్టారు: లండన్, పారిస్, వియన్నా, రోమ్, బ్రసెల్స్. మోరా ఫెరెంత్స్ మ్యూజియంలో వరద గురించి చదివి బయటికి వచ్చి ఆ వీధుల్లో నడిస్తే ప్రదర్శన రోడ్డు మీద కొనసాగుతున్నట్టే.

ఓపుస్తాసెర్‌లోని అర్పాద్ ఫెస్తి వలయచిత్రం, అంటే చూసేవాళ్ల చుట్టూ గుండ్రంగా తిరిగే పెద్ద చిత్రం, 15 మీటర్ల ఎత్తు, 120 మీటర్ల చుట్టుకొలత. 1894లో మొదట ప్రదర్శించారు, యుద్ధంలో పాడై, బాగుచేసి 1995లో మళ్లీ తెరిచారు. 9వ శతాబ్దంలో హంగేరియన్ల రాకను గీసిన బొమ్మ అది. నేర్పేది మాత్రం 1890ల హంగరీ తనను తాను ఎలా ఊహించుకుందో.

చిన్న పట్టణపు చరిత్ర గదిలో తప్పకుండా వెతకాల్సిన తేదీలు కొన్ని ఉన్నాయి. 1944 మే నుంచి జూలై 9 దాకా రాజధాని బయటి యూదులను 4,30,000 మందికి పైగా రైళ్లలో బలవంతంగా తరలించారు. 1946 నుంచి 1948 మధ్య జర్మన్ కుటుంబాలను పెద్ద సంఖ్యలో పంపించేశారు. మొదటి యుద్ధం తర్వాతి 1920 త్రియనాన్ ఒప్పందంతో దేశం మూడింట రెండు వంతుల నేల కోల్పోవడం ప్రతి మ్యూజియంలో ఉంటుంది. మిగతా రెండూ ఉన్నాయా, ఉంటే ఏ గోడ మీద, ఎంత పెద్దగా అన్నది చూడాలి. బట్టలకొట్టు యజమాని, ఊరి వైద్యుడు, ద్రాక్షరసం వ్యాపారి పేర్లు 1930ల దుకాణం బోర్డుల్లో కనిపించి, ఆ తర్వాతి గదిలో మాయమైతే, ఆ ఖాళీ కూడా ప్రదర్శనలో భాగమే. తతాలోని జర్మన్ జాతి మ్యూజియం, బేకేష్‌చబాలోని స్లొవాక్ తాయ్‌హాజ్ ఈ కథలో మిగిలిన ముక్కలు పెడతాయి. ఒక జాతి పల్లె మ్యూజియం చూసినవాళ్లు ఇంకొకటి చూడకుండా వెళ్లకపోతే మంచిది.

లేబుళ్లు పల్లెల్లో హంగేరియన్‌లోనే ఉంటాయి, రెండో భాష ఉంటే అది తరచుగా జర్మన్. నాలుగు మాటలు నేర్చుకుంటే చాలా దారి తెరుచుకుంటుంది. 'సాజద్' అంటే శతాబ్దం, 'ఎలెయె' మొదటి భాగం, 'వేగె' చివరి భాగం, 'కొరుల్' ఆ ప్రాంతంలో అని. 'ఎరెదెతి' అంటే అసలుది. 'మాషొలత్' అంటే నకలు. మోహాచ్‌లో శీతాకాలపు బుషో ఊరేగింపు ముసుగుల ముందు నిలబడినప్పుడు ఈ చివరి రెండు మాటలు వెతకాలి. విల్లో చెక్కలో చెక్కి, జంతు రక్తం పూసి, గొర్రె తోలు తగిలించిన పాత ముసుగుల పక్కనే ఇటీవల చెక్కినవీ ఉంటాయి. 2009లో యునెస్కో గుర్తించిన ఆ ఊరేగింపు ఏటా ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి కొత్త ముసుగు అక్కడ నకలు అవదు. దాని మీద 'ఎరెదెతి' అని రాసినా అబద్ధం కాదు.